నంబరు ఎవరి దగ్గర ఉంటుంది?

(టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు, విద్యార్థులూ ఊరివాళ్లూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ చాప మీద కూర్చోవచ్చు. ఈ బల్ల మీదున్నదాన్ని దగ్గర నుంచి చూస్తేనే నేను చెప్పేది బాగా తలకెక్కుతుంది.

దీన్ని టూ మోషన్ సెలెక్టరు అంటారు. స్ట్రౌజర్ అనే పాత రకం ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజీల్లో ఇలాంటివి వందల్లో, పెద్ద ఊళ్లలో వేలల్లో ఉండేవి. మా సామాను తుక్కు వేలానికి వెళ్లినప్పుడు, పాడుకున్న వ్యాపారిని అడిగి ఒకటి తెచ్చుకున్నాను. మధ్యలో నిలువు కడ్డీ, దానికి పళ్లు కనిపిస్తున్నాయా? కింద నెలవంకలా వంగిన చట్రంలో పది వరసలు, వరసకి పది లోహపు కొసలు. కడ్డీ ముందు పైకి లేస్తుంది, తర్వాత పక్కకి తిరుగుతుంది. రెండు కదలికలు కాబట్టి ఆ పేరు. పది వరసలు, పది కొసలు, అంటే వంద చోట్లలో ఏదో ఒక చోటికి వెళ్లి ఆగగలదు.

నేను 1980ల మొదట్లో ఉద్యోగంలో చేరాను. అప్పుడు నన్ను తినేసిన ప్రశ్న ఒకటుంది. ఒకాయన ఇంట్లో ఫోనెత్తి 3625 తిప్పాడు అనుకోండి. ఆ నంబరు మా ఎక్స్‌ఛేంజీలో ఎక్కడ ఉంటుంది? ఏ పెట్టెలో, ఏ తీగలో? మా సీనియర్ టెక్నీషియన్ గారిని అడిగితే, "ఎక్కడా ఉండదు బాబూ, తిప్పగానే ఖర్చయిపోతుంది" అన్నారు. ఆ మాట పూర్తిగా అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఇవాళ నేను చెప్పేదంతా ఆ మాట చుట్టూనే. ఎక్స్‌ఛేంజీల చరిత్రలో యంత్రాలు చాలా మారాయి. నా లెక్కలో అసలు మారింది ఒక్కటే: నంబరును గుర్తుపెట్టుకునే పని ఎవరిది అన్నది.

మొదటి నుంచి వద్దాం. అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కి టెలిఫోన్ పేటెంటు వచ్చింది 1876 మార్చిలో. మొదట్లో ఫోన్లు జంటలుగా అమ్మేవాళ్లు. ఇంటికొకటి, కొట్టుకొకటి, మధ్యలో ఒక తీగ. ముగ్గురు నలుగురైతే పర్వాలేదు. వందమంది అందరితో అందరూ మాట్లాడాలంటే ఎన్ని తీగలు కావాలి? నోట్సులో లెక్క వేసుకోండి. వందని తొంభై తొమ్మిదితో గుణించి రెండుతో భాగిస్తే 4,950. అందుకని అందరి తీగలూ ఒకచోటికి తెచ్చి, ఎవరికి ఎప్పుడు ఎవరు కావాలో అప్పుడు కలపడం మొదలైంది. ఆ చోటే ఎక్స్‌ఛేంజీ. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్ ఊళ్లో 1878 జనవరి 28న 21 మంది చందాదారులతో వ్యాపారపరంగా మొదటి ఎక్స్‌ఛేంజీ తెరిచారు. సరిగ్గా నాలుగేళ్లకి, 1882 జనవరి 28న, కలకత్తాలో మన దేశపు ఎక్స్‌ఛేంజీ లాంఛనంగా మొదలైంది. అప్పుడు 93 మంది చందాదారులు. బొంబాయిలోనూ మద్రాసులోనూ కూడా ఆ ఏడాదే వచ్చాయి.

ఆ కలిపే పని మనుషులు చేసేవాళ్లు. అమెరికాలో మొదట కుర్రాళ్లని పెట్టారు, వాళ్లు దురుసుగా మాట్లాడుతున్నారని ఆడవాళ్లని తీసుకున్నారు. ఎమ్మా నట్ అనే ఆవిడ 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో మొదటి మహిళా ఆపరేటరుగా చేరింది.

మన చిన్న ఊళ్లలో మాగ్నెటో బోర్డులు చాలాకాలం ఉన్నాయి. నేను చేరాక కూడా చూశాను. ఫోనుకి పక్కన చిన్న హ్యాండిల్. గిరగిరా తిప్పితే ఎక్స్‌ఛేంజీలో మీ నంబరు మీదున్న బుల్లి రేకు మూత టప్పున పడుతుంది. ఆపరేటరు ఒక కార్డు, అంటే రెండు కొసలా గుచ్చే పిన్నులున్న తీగ, తీసి మీ జాక్‌లో, అంటే బోర్డు మీద మీ లైనుకున్న కన్నంలో, పెట్టి "నంబర్ ప్లీజ్" అంటుంది. మీరు "డాక్టరు గారికి ఇవ్వమ్మా" అంటారు. నంబరు చెప్పరు, ఎందుకంటే చెప్పక్కర్లేదు. ఆవిడ కార్డు రెండో కొస పట్టుకుని డాక్టరు గారి జాక్ అంచుకి తాకించి చూస్తుంది. హెడ్‌ఫోన్లో టిక్కుమంటే ఎంగేజ్ అని లెక్క. లేకపోతే గుచ్చి గంట కొడుతుంది. ఒక్కోసారి అసలు గుచ్చదు. "డాక్టరు గారు ఇప్పుడే గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్లారండీ, అక్కడికి ఇవ్వనా?" అంటుంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ అమ్మాయి ఏం చేసిందో చూడండి. మీరు చెప్పినదాన్ని మనసులో పెట్టుకుంది. దాన్ని జాక్‌గా మార్చుకుంది. అవతల ఖాళీ ఉందో లేదో చూసింది. ఖాళీ లేకపోతే వేరే దారి వెతికింది. మాట అయిపోయాక కార్డు పీకింది, చీటీ మీద నిమిషాలు రాసింది. ఇవాళ ఎక్స్‌ఛేంజీలో కోట్ల రూపాయల స్విచ్ అనే యంత్రం చేసే పనులన్నీ ఇవే. ఆ ఆపరేటర్లకి మనం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదని నా బాధ. రాత్రి డ్యూటీలో ట్రంకు బోర్డు, అంటే వేరే ఊళ్లకి కలిపే బోర్డు, ముందు కూర్చుని, "హలో మద్రాస్, హలో మద్రాస్" అని గొంతు పోయేలా అరిచి, ఊళ్లో చావు కబురు వాళ్ల కొడుక్కి చేరేదాకా సీటు వదలని మనుషుల్ని నేను చూశాను.

సరే, మనిషి మధ్యలో ఉంటే మనిషి ఇష్టాయిష్టాలూ ఉంటాయి. కేన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారి. తనకి రావాల్సిన ఫోన్లు ఆపరేటరు పోటీదారుడికి కలిపేస్తోందని ఆయన అనుమానం. ఆవిడ ఆ పోటీదారుడి భార్యే అని కూడా కథ చెబుతారు. అది ఎంత నిజమో గానీ ఆయన పేటెంటు నిజం. 1891 మార్చి 10న వచ్చింది. మరుసటి ఏడు నవంబరులో ఇండియానా రాష్ట్రం లా పోర్ట్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజీ పెట్టారు. మన దగ్గర మొదటిది సిమ్లాలో, 1913–14లో, 700 లైన్లతో. 1948లో బెంగళూరులో ఐటీఐ, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీ, పెట్టాక స్ట్రౌజర్ సామాను మన దేశంలోనే తయారైంది.

ఇప్పుడు ఈ సెలెక్టరు దగ్గరికి రండి. 3625 తిప్పుదాం.

రిసీవరు ఎత్తగానే కింద హుక్కు పైకి లేచి తీగ రెండు కొసలూ కలుస్తాయి. ఎక్స్‌ఛేంజీ నుంచి వచ్చే 48 వోల్టుల కరెంటు మీ ఫోను గుండా తిరిగి వెళ్తుంది. అక్కడ మీ పేర ఉన్న లైను రిలే, అంటే కరెంటు రాగానే అయస్కాంతంతో లాగుకునే చిన్న మీట, పడుతుంది. వెంటనే యూనిసెలెక్టరు అనే చిన్న చక్రం గిర్రున తిరిగి, ఖాళీగా ఉన్న మొదటి సెలెక్టరుని వెతికి మీకు అప్పగిస్తుంది. ఆ సెలెక్టరే మీకు డయల్ టోను పంపుతుంది. డయల్ టోను అంటే "నేను సిద్ధం, తిప్పండి" అని అర్థం. రాకపోతే అర్థం ఏమిటి? సెలెక్టర్లన్నీ వేరేవాళ్ల చేతిలో ఉన్నాయని.

3 దగ్గర వేలు పెట్టి తిప్పి వదిలారు. డయలు వెనక్కి వచ్చేటప్పుడు తీగ మూడుసార్లు తెగి కలుస్తుంది. సెకనుకి పది చొప్పున. సున్నా అంటే పదిసార్లు, అందుకే సున్నా డయలు చివర ఉంటుంది. మూడుసార్లు తెగితే ఈ కడ్డీ మూడు మెట్లు ఎక్కుతుంది. టక్ టక్ టక్. అంతే, ఆ 3 అయిపోయింది. మీరు రెండో అంకెకి వేలు పెట్టే లోపు కడ్డీ దానంతట అది మూడో వరసలో పక్కకి తిరుగుతూ, ఖాళీగా ఉన్న రెండో సెలెక్టరుని పట్టుకుంటుంది. 6 తిప్పారు. ఈసారి మొదటిదానికి సంబంధం లేదు, రెండో సెలెక్టరు ఆరు మెట్లు ఎక్కి, ఫైనల్ సెలెక్టరుని వెతుక్కుంటుంది. ఫైనల్ మాత్రం వెతకదు. 2కి రెండు మెట్లు ఎక్కి ఆగుతుంది, 5కి అయిదు అడుగులు పక్కకి వేస్తుంది. ఆ కొస మీదే ఉంది 3625 గారి తీగ. అది ఖాళీయేనా అని చూస్తుంది. ఖాళీ అయితే గంట, లేకపోతే ఎంగేజ్ టోను.

చూశారా, నంబరు ఏ ఒక్క చోటా మొత్తంగా లేదు. మొదటి అంకె ఒక కడ్డీ ఎత్తుగా మిగిలింది. రెండోది ఇంకో ర్యాకులో ఇంకో కడ్డీ ఎత్తుగా. చివరి రెండూ మరో చోట. మీ వేలే యంత్రాన్ని నడిపించింది. మీరే ఆపరేటరు. మా సీనియర్ గారు "ఖర్చయిపోతుంది" అన్నది ఇదే.

ఒక చిన్న సంగతి. ఊళ్లో ఫోను నంబర్లేవీ 1తో మొదలయ్యేవి కావు, గమనించారా? హుక్కు పొరపాటున ఒక్కసారి తగిలినా యంత్రానికి అది 1 తిప్పినట్టే. పొరపాటున వెళ్లిన ఫోన్ కాలు ఎవరి ఇంట్లోనూ మోగకూడదని ఆ వరసని ఇళ్లకి ఇవ్వకుండా సర్వీసులకి పెట్టుకున్నారు. నంబర్ల ఎంక్వయిరీకి 197, కంప్లైంటుకి 198, ట్రంకు బుకింగుకి 180. మీ తాతగార్లని అడగండి, ఇప్పటికీ కంఠతా చెబుతారు.

ఇంకొకటి. మీరు ఫోను చేసినప్పుడు మీకు వినిపించే ట్రింగ్ ట్రింగ్, అవతలి ఇంట్లో మోగే గంట శబ్దం కాదు. అవతలికి ఎక్స్‌ఛేంజీ నుంచి 75 వోల్టుల పైన ఏసీ కరెంటు వెళ్లి గంట కొడుతుంది. మీకు వేరే టోను వినిపిస్తారు. ఎన్నోసార్లు అవతల గంట చెడిపోయి ఉంటుంది, ఇవతల మనిషి "ఎంతసేపు మోగినా తీయరేంటి" అని కోపం తెచ్చుకుంటాడు. ఇలా పాడైన స్నేహాలు నాకు తెలుసు.

ఉదయం పదిన్నరకి స్ట్రౌజర్ హాల్లోకి వెళ్తే వాన కురుస్తున్నట్టే ఉండేది, పెంకుటింటి మీద పెద్ద వాన. కోర్టులు, బ్యాంకులు, కమిషన్ కొట్లు అన్నీ ఒకేసారి. అర్ధరాత్రి దాటితే నిశ్శబ్దం. అప్పుడు ఒక్క కాలు వస్తే ఏ ర్యాకు నుంచి ఏ ర్యాకుకి వెళ్లిందో చెవితోనే తెలిసిపోయేది.

ఆ చెవి ఒక రాత్రి పనికొచ్చింది. ఒక ఇంటికి రోజూ రాత్రి పన్నెండు దాటాక ఫోన్లు. ఎత్తితే అసహ్యంగా మాట్లాడతాడు. ఆ ఇంట్లో ఒక తల్లి, చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు. ఇవాళ అయితే నంబరు స్క్రీను మీద పడుతుంది. అప్పుడు చేసినవాడి నంబరు యంత్రంలో ఎక్కడా లేదు. ఆయన తిప్పిన నంబరే మిగలనప్పుడు ఆయన సొంత నంబరు ఎక్కడ మిగులుతుంది? ఒక్కటే దారి. కాలు నడుస్తుండగా ఫైనల్ నుంచి వెనక్కి, ర్యాకు ర్యాకూ తీగ పట్టుకుని వెళ్లాలి. వాడు పెట్టేశాడంటే సెలెక్టర్లన్నీ ఒక్కసారిగా కిందికి జారిపోతాయి, ఆనవాలు ఉండదు. ఆ తల్లికి చెప్పాం, "అమ్మా, కాసేపు మాట్లాడించండి, పెట్టనివ్వకండి" అని. ఎంత కష్టమైన పని అడిగామో నాకు తర్వాత తెలిసింది. మూడు రాత్రులు మధ్యలో జారిపోయాయి. నాలుగో రాత్రి ఇద్దరం, ఒకరు ఫైనల్ దగ్గర, ఒకరు నిచ్చెన మీద. టార్చి లైటుతో కడ్డీ ఎత్తు చూడడం, ర్యాకుల మధ్య తీగ నంబరు అరవడం, పక్క వరసకి పరుగు. యూనిసెలెక్టరు దాకా చేరాం. లైను దొరికింది. కాగితం మీద నంబరు రాస్తుంటే నా చెయ్యి వణికింది. తర్వాత సంగతి పోలీసులు చూసుకున్నారు. ఆ ఇంటికి ఫోన్లు ఆగాయి.

ఇదే స్వభావం వల్ల మేము ఒక పెద్ద తప్పు కూడా చేశాం. అది కూడా చెప్పాలి. కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఒక మిల్లు గుమస్తా గారు వారానికి రెండుసార్లు వచ్చి, "అప్పుడప్పుడు నాకు వేరే ఇల్లు తగులుతోందండీ" అని రాసిచ్చేవారు. మేము ఆయన ఫోను పరీక్షించేవాళ్లం, బాగానే ఉండేది. "టెస్టెడ్ ఓకే" అని కార్డు మీద రాసి పంపేసేవాళ్లం. ఆయన సరిగ్గా తిప్పడం లేదని కూడా ఒకరన్నారు. ఆయన మొహం చిన్నబోయింది. నెలలు గడిచాయి. చివరికి తేలింది ఏమిటంటే, ఒక రెండో సెలెక్టరులో పన్ను అరిగి, ఆరు మెట్లు ఎక్కాల్సింది ఒక్కోసారి అయిదు దగ్గరే ఆగుతోంది. ప్రతి కాలూ ఏ సెలెక్టరు ఖాళీగా ఉంటే దాని గుండా పోతుంది కదా. ఇరవైలో ఒకసారి అది ఆయన వంతుకి వచ్చేది. మేము పరీక్ష చేసినప్పుడు మంచిది దొరికేది. కంప్లైంటు అబద్ధం కాదు, మా పరీక్ష చిన్నది. నేను ఆయన ఇంటికి వెళ్లి చెప్పాను, "తప్పు మాదేనండీ" అని. కాబోయే ఇంజనీర్లు మీరు, అందుకని చెబుతున్నాను. అప్పుడప్పుడు వచ్చే లోపాన్ని చెప్పేవాడిని నమ్మండి.

ఖాళీగా ఉన్నది దొరుకుతుంది అన్నాను. అసలు ఎన్ని పెడితే సరిపోతాయి? అందరికీ తలొకటి పెడితే డబ్బు దండగ. తక్కువ పెడితే డయల్ టోనే రాదు. దీనికి లెక్క కట్టినవాడు డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కే. ఎర్లాంగ్. 1909లో మొదటి వ్యాసం, 1917లో సూత్రం. ఆయన పేరే ఇప్పుడు ట్రాఫిక్‌కి కొలత. ఒక లైను గంటంతా మాట్లాడితే ఒక ఎర్లాంగ్. రద్దీ గంటలో వందమంది తలా ఆరు నిమిషాలు మాట్లాడితే పది ఎర్లాంగులు. సగటున పదిమందే మాట్లాడుతున్నారు గదా అని పది దారులు పెడితే చాలదు. వందకి ఒక కాలు కంటే ఎక్కువ పోకూడదంటే 18 కావాలి. ఇప్పుడు అసలు విచిత్రం. వెయ్యిమంది అయితే? వంద ఎర్లాంగులు. 180 కావాలనుకుంటాం. కానీ 117 చాలు! గుంపు పెద్దదయ్యే కొద్దీ ఒకరు లేచేసరికి ఇంకొకరు కూర్చుంటారు. ఉమ్మడి కుటుంబంలో మంచాలు తక్కువైనా సరిపోయినట్టు. పెద్ద ఎక్స్‌ఛేంజీ ఎందుకు చౌక అన్నది ఈ లెక్కలోనే ఉంది. ఇంటర్నెట్ కంపెనీలు సర్వర్లకి కూడా ఇదే సూత్రం వాడతాయి.

స్ట్రౌజర్ తర్వాత వచ్చిన క్రాస్‌బార్ ఎక్స్‌ఛేంజీ గురించి త్వరగా చెబుతాను. అడ్డంగా నిలువుగా కడ్డీలు, అవి కొద్దిగా ఒరిగితే కలిసిన చోట స్ప్రింగులు తగులుకుంటాయి. ఎక్కడం దిగడం లేదు, రాపిడి తక్కువ. మన ఐటీఐ 1960ల నుంచి బెల్జియం సాంకేతికతతో తయారు చేసింది. యంత్రం కంటే ముఖ్యం అందులో వచ్చిన ఆలోచన. మీరు తిప్పిన అంకెలన్నిటినీ ముందు రిజిస్టరు అనే భాగం రాసుకుంటుంది. నంబరు మొత్తం చేతికొచ్చాక మార్కరు అనే భాగం చివరి నుంచి మొదటిదాకా దారి చూసి, అప్పుడు కలుపుతుంది. రిజిస్టరు ఆ పని అయిపోగానే ఇంకొకరి దగ్గరికి పోతుంది. ఆ పాత ఆపరేటరు బుర్ర మళ్లీ వెనక్కి వచ్చింది, చూశారా? మధ్యలో స్ట్రౌజర్ కాలంలో పోయింది.

నంబరుని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకున్నారు కాబట్టే ఎస్టీడీ, అంటే ఆపరేటరు లేకుండా వేరే ఊరికి మనమే తిప్పుకోవడం, సాధ్యమైంది. మన దేశంలో మొదటి ఎస్టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య. మీరు 0 తిప్పగానే మీ ఎక్స్‌ఛేంజీ తప్పుకుని మిమ్మల్ని టాక్స్‌కి, అంటే ట్రంక్ ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజీకి, అప్పగిస్తుంది. మీరు 0866 అంటే విజయవాడ, 0891 అంటే విశాఖ, 044 అంటే మద్రాసు. టాక్స్ అంకెలు రాసుకుని, నేరుగా దారి ఉందా, నిండిపోతే ఏ ఊరి మీదుగా తిప్పి పంపాలి అని నిర్ణయిస్తుంది. స్ట్రౌజర్‌కి ఈ రెండో ఆలోచన ఉండదు, ఎందుకంటే అంకె అప్పటికే ఖర్చయింది. పాత హైదరాబాద్ కోడు 0842 చాలామందికి గుర్తుండే ఉంటుంది. తర్వాత 040 అయింది. ఆ మార్పు జరగాలంటే టాక్సుల పట్టికల్లో గీత కొట్టి రాస్తే చాలు.

ఇక కంప్యూటరు వచ్చింది. 1965లో అమెరికాలో న్యూ జెర్సీ సక్కసన్నాలో బెల్ వాళ్లు పెట్టిన నంబర్ వన్ ఈఎస్‌ఎస్ అనే ఎక్స్‌ఛేంజీలో దారి ఎంచుకోవడం ప్రోగ్రాముది. కానీ మాట వెళ్లేది ఇంకా లోహపు కాంటాక్టుల మీదే. మాటనే అంకెలుగా మార్చడం తర్వాతి అడుగు. ఆ ఊహ అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరుది, 1930ల చివరలోదే. యంత్రాలు అందుకోవడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

ఎలాగంటే, మీ గొంతు ఎత్తుపల్లాల్ని సెకనుకి 8,000 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతా 8 బిట్లు. గుణిస్తే సెకనుకి 64,000 బిట్లు. రెండు కొలతల మధ్య 125 మైక్రోసెకన్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఇతరుల కొలతలు పెట్టుకోవచ్చు కదా? ఒక్క తీగ మీద 32 వంతులు. దీన్ని బస్సులా ఊహించండి. 125 మైక్రోసెకన్లకొక బస్సు, బస్సుకి 32 సీట్లు. మొదటి సీటు బస్సు తలని గుర్తుపట్టడానికి, మధ్యలో ఒకటి కండక్టరు కబుర్లకి, మిగిలిన 30 సీట్లు ప్రయాణికులకి. మీ మాట ఎప్పుడూ 5వ సీట్లో వస్తోంది. మీరు మాట్లాడే ఆవిడ 19వ సీటు. స్విచ్ చేయాల్సిందల్లా, వచ్చిన బస్సులోని వాళ్లందరినీ ఒక మెమరీలో దింపి, వెళ్లే బస్సులో 19 దగ్గర 5వ వాడిని ఎక్కించడం. అవతలి నుంచి వచ్చేదానికి తిరగేసి అదే పని. అంతే, కాలు కలిసింది. తీగ తగల్లేదు, కడ్డీ కదల్లేదు. మెమరీలో "19లో 5" అని ఒక మాట రాశారు. పెట్టేయగానే ఆ మాట చెరిపేస్తారు. నేను ఇది మొదటిసారి విన్న రాత్రి నిద్ర పట్టలేదు. అంత పెద్ద ర్యాకుల హాలు ఒక పట్టికగా మారిపోయిందని.

మన దేశంలో ఫ్రెంచి ఈ10బీ ఎక్స్‌ఛేంజీలు ఇదే దారిలో వచ్చాయి, ఐటీఐ వాళ్లు ఉత్తరప్రదేశ్ మన్కాపూర్‌లో తయారు చేశారు. నగరాలకి బాగున్నాయి. కానీ పల్లెకి? ఏసీ గది కావాలి, దుమ్ము పడకూడదు, కరెంటు పోకూడదు. ఇక్కడ సీ-డాట్ అనే మన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ పేరు గర్వంగా చెప్పాలి. 1984 ఆగస్టులో పెట్టారు, శామ్ పిట్రోడా గారు ముందు నిలబడ్డారు. 128 పోర్టుల చిన్న గ్రామీణ ఎక్స్‌ఛేంజీ చేశారు, మేము ర్యాక్స్ అనేవాళ్లం. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఏసీ అక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు పక్కన ఒక గదిలో, ఫ్యాను కింద నడిచింది. నేను పెట్టిన మొదటి ర్యాక్స్ రోజు నాకు బాగా గుర్తుంది. మే నెల, రేకుల షెడ్డు లాంటి గది, లోపల మనకే ఊపిరి ఆడడం లేదు. కార్డుల మీద వేలు పెడితే వెచ్చగా ఉంది. ఇది ఆగిపోతుందేమో అని ఒకటే టెన్షన్. ఆగలేదు. సాయంత్రం ఒక రైతు తన కొడుకుతో మాట్లాడి, రిసీవరు పెట్టకుండా నాకిచ్చి, "పక్క గదిలోంచి మాట్లాడినట్టుంది సార్" అన్నాడు. విదేశీ నమూనాల్లో మన దేశంలాంటి రద్దీ లేదు. మన దగ్గర ఫోన్లు తక్కువ, ఒక్కో ఫోనూ వీధంతా వాడేది. ఆ రద్దీని తట్టుకునేలా, ఆ వేడిని తట్టుకునేలా మనవాళ్లు గీసిన యంత్రం అది. తర్వాత వీధి వీధికీ వచ్చిన పసుపు ఎస్టీడీ బూతుల వెనక ఈ ఎక్స్‌ఛేంజీల కష్టం చాలా ఉంది.

ఈ కాలంలోనే బటన్ల ఫోన్లు వచ్చాయి. తీగ తెంపి కలిపే బదులు రెండు స్వరాలు కలిపి పంపుతుంది. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు కలిసి పలుకుతాయి. రెండెందుకు? మనిషి గొంతులో పొరపాటున ఒక స్వరం పడొచ్చు, సరిగ్గా ఆ జంట పడడం అరుదు. యంత్రాలు మాట్లాడుకునే సంకేతాలు మాటతో పాటు ఒకే దారిలో వెళ్తే వచ్చే ప్రమాదం అమెరికా వాళ్లు బాగా చూశారు. అక్కడ 2,600 హెర్ట్జ్ ఈల ఊదితే ట్రంకు లైను ఖాళీ అనుకునేది, కుర్రాళ్లు ఉచితంగా మాట్లాడుకున్నారు. అందుకే తర్వాత సంకేతాలకి వేరే దారి వేశారు. ఎస్‌ఎస్7 అంటారు. రెండు ఎక్స్‌ఛేంజీలు ముందు తమలో తాము మాట్లాడుకుని మీ మాటకి దారి కుదుర్చుకుంటాయి, అవతల ఖాళీ లేదని తేలితే ఆ దారిని వెంటనే వదిలేస్తాయి. చేసినవారి నంబరు అవతలివాళ్లకి కనిపించడం కూడా ఈ కబుర్ల వల్లే సాధ్యమైంది. ఆ తల్లికి అది ఆరోజు ఉంటే మూడు రాత్రులు వృథా అయ్యేవి కావు.

మొబైలు మీ అందరికీ తెలుసు. ఒక్క ముక్క చెబుతాను. స్ట్రౌజర్‌లో నంబరు అంటే చోటు. 3625 అంటే ఫలానా ర్యాకులో రెండో వరస, అయిదో కొస. ఇల్లు వేరే పేటకి మారితే నంబరు పోయేది. మొబైల్లో నంబరు చోటు కాదు, పేరు. మీ సిమ్ ఇప్పుడు ఏ ప్రాంతంలో ఉందో కంపెనీ దగ్గర హెచ్‌ఎల్‌ఆర్ అనే రిజిస్టరులో ఎప్పటికప్పుడు రాసి ఉంటుంది. కాలు వస్తే ముందు ఆ పుస్తకం తిప్పి చూస్తారు, తర్వాత ఆ ప్రాంతంలోని టవర్లన్నీ మిమ్మల్ని పిలుస్తాయి. 2011 జనవరిలో దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చాక కంపెనీ మారినా నంబరు మనతోనే వస్తోంది. "డాక్టరు గారు ఆసుపత్రికి వెళ్లారండీ, అక్కడికి ఇవ్వనా?" అన్న ఆపరేటరు చేసిన పనే ఇది. ఇప్పుడు 4జీలో మాటకి ప్రత్యేకమైన సీటు కూడా లేదు, పొట్లాలు కట్టి ఇంటర్నెట్ దారిలో పంపుతున్నారు. కానీ కాలు కుదిర్చే వరస అదే. అడగడం, వెతకడం, ఖాళీ చూడడం, గంట కొట్టడం, కలపడం, లెక్క రాయడం.

ఒక్కటి పోగొట్టుకున్నాం. పాత ల్యాండ్‌లైనుకి కరెంటు ఎక్స్‌ఛేంజీ నుంచే వచ్చేది. కింద బ్యాటరీ రూములో మనిషి నడుము ఎత్తు సీసపు బ్యాటరీలు, ఒక్కోటి రెండు వోల్టులు, వరసగా 24. ప్లస్ వైపు భూమికి కలిపేవాళ్లం, తడి నేలలో రాగి తీగ తొందరగా తినేయకుండా. ఊరంతా చీకటైనా ఫోనెత్తితే డయల్ టోను ఉండేది. తుఫాను రాత్రుల్లో మా డ్యూటీ అంటే ఆ బ్యాటరీల దగ్గరే. హైడ్రోమీటరు పెట్టి ఒక్కో సెల్లూ చూడడం, ఇంజను స్టార్ట్ చేయడం. టవర్లకీ బ్యాటరీలు ఉన్నాయి గానీ, మీ చేతిలోని ఫోను చార్జింగు మీరే చూసుకోవాలి.

సరే. ఈ సెలెక్టరుకి వెనక 48 వోల్టుల సప్లయి పెట్టి, ఒక పాత డయల్ ఫోను కలిపి తెచ్చాను. ముందు వరసలో కూర్చున్న పాపా, నువ్వు రా అమ్మా. డయల్ ఎప్పుడూ తిప్పలేదు కదూ? వేలు 2 కన్నంలో పెట్టి ఆ ఇనుప కొక్కెం దాకా తిప్పి వదిలెయ్. చేత్తో వెనక్కి తోయకు, దానంతట అది రానీ.

టక్ టక్. లేచింది చూడండి. ఇప్పుడు 5.

ఆ. ఆ కొస మీద ఆగింది. ఒక్కొక్కరే రండి, అందరూ తిప్పి చూడండి.